మొదటి విమానం ఏది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రిమోట్ కంట్రోల్‌తో ఎగిరే నమూనా విమానాల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఒకే సందేహం రకరకాల రూపాల్లో కనిపిస్తోంది: ఎక్కడ మొదలుపెట్టాలి, మొదట ఏది కొనాలి? వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడవైంది. మిగిలిన ప్రశ్నలకు సగం సమాధానం అందులోనే ఉండటం అందుకు కారణం.

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి యుద్ధ విమానాలంటే ఇష్టం. స్పిట్‌ఫైర్ నమూనా ఒకటి అమ్మకానికి కనిపించింది. మొత్తం మీద పదిహేను వేల రూపాయల దాకా ఖర్చు పెట్టగలను. మొదటి విమానంగా దాన్ని తీసుకోవచ్చా? మూడు ఛానెళ్లు, నాలుగు ఛానెళ్లు అంటున్నారు, ఆ తేడా కూడా చెప్పగలరు. – ఒక ఉద్యోగి, కరీంనగర్

జవాబు: వద్దని చెప్పే అర్హత నాకుంది, ఎందుకంటే నేను సరిగ్గా ఆ తప్పుతోనే మొదలుపెట్టాను. రెక్క కింది భాగంలో ఉండే యుద్ధ విమానం నమూనా ఒకదాన్ని వారం రోజులు ముస్తాబు చేసి, కోతలయిన వరి మడిలో స్నేహితుడి చేత గాలిలోకి విసిరించాను. అది ఎడమకు ఒరిగింది. నేను కంగారుపడి కుడికి లాగాను. అది అంతకు రెట్టింపు కుడికి ఒరిగి గట్టుకు గుద్దుకుంది. ఇదంతా పది సెకన్లలోపే ముగిసింది. విమానం పోయినందుకు చాలా రోజులు బాధపడ్డాను గానీ, ఆ పది సెకన్లలో నేను నేర్చుకున్నదేమీ లేదన్న సంగతి చాలాకాలానికి గాని తట్టలేదు. ఈ విద్య గాలిలో గడిపిన నిమిషాలను బట్టి వస్తుంది. కాబట్టి మొదటి విమానం చూడటానికి ఎలా ఉందని కాకుండా, మీకు ఎన్ని నిమిషాలు ఇస్తుందని అడగండి. చేసిన పొరపాటును దిద్దుకోవడానికి గాలిలో వ్యవధి ఇచ్చేది, నేల మీద పడ్డా సాయంత్రానికల్లా మళ్లీ ఎగరగలిగేది మీకు కావాలి.

వ్యవధి ఇవ్వాలంటే విమానం నెమ్మదిగా ఎగరగలగాలి. అందుకు చూడవలసిన లెక్క రెక్క వైశాల్యానికి, మొత్తం బరువుకు ఉన్న నిష్పత్తి. 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క వైశాల్యం 24 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో కలిపి విమానం 800 గ్రాములుంటే ఒక్కో చదరపు డెసిమీటరు మోసే భారం దాదాపు 33 గ్రాములవుతుంది. అటువంటి విమానం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి తగ్గినా గాలిలో నిలబడుతుంది. అదే రెక్క మీద బరువు రెట్టింపైతే ఆ కనీస వేగం 1.4 రెట్లు పెరిగి 35 కిలోమీటర్లు దాటుతుంది. కొత్తవారి వేళ్లకు ఈ పది కిలోమీటర్ల తేడా చాలా పెద్దది. స్పిట్‌ఫైర్ వంటి నమూనాల్లో బరువుకు తగినంత రెక్క ఉండదు సరికదా, రెక్క చివరలు సన్నబడి ఉంటాయి కనుక వేగం తగ్గగానే ఒక చివర ముందుగా పట్టు వదిలేసి, విమానం ఆ పక్కకు దొర్లిపోతుంది. అసలు విమానం నడిపిన పైలట్లకు అది ఎంత ప్రియమైనదైనా, మీకు మాత్రం మూడో విమానంగానో నాలుగో విమానంగానో పనికివస్తుంది.

శిక్షణకు ఉద్దేశించిన విమానాల్లో రెక్క బాడీకి పైన ఉంటుంది, రెండు రెక్కలూ చివరలకు పోయేకొద్దీ కొంచెం పైకి లేచి ఉంటాయి. రెక్క పైన, బరువు కింద ఉండటంతో అది లోలకంలా నిలబడుతుందని చాలామంది అంటారు గానీ, ఎక్కువ పని చేసేది ఆ పైకి లేచిన కోణమే. విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు అదే పక్కకు జారడం మొదలుపెడుతుంది. అప్పుడు పక్కనుంచి వచ్చే గాలి కిందికి వాలిన రెక్కకు ఎక్కువ కోణంలో తగిలి, దాన్ని పైకి లేపుతుంది. అంటే మీరు తికమకపడి చేతిలోని రిమోట్ (ట్రాన్స్‌మిటర్) కర్రలు వదిలేసినా, తగినంత ఎత్తులో ఉంటే విమానం తనంతట తాను సమంగా నిలుస్తుంది. యుద్ధ విమానం ఒరిగినచోటే ఒరిగి ఉంటుంది. అది దాని సుగుణమే, కాకపోతే మీకు ఇప్పుడు అవసరం లేని సుగుణం.

ఇక మరమ్మతు సంగతి. ఈపీఓ అనే నురుగు పదార్థంతో చేసిన విమానం ముక్కలైనా జిగురుతో అతుకుతుంది. వాటిలోనూ మోటారు ముక్కున కాకుండా రెక్క వెనక, బాడీ పైభాగాన ఉండేవి మేలు, ఎందుకంటే నేలకు ముందుగా తగిలేది ముక్కే. జర్మనీకి చెందిన మల్టీప్లెక్స్ సంస్థ ఈజీస్టార్, దాని పోలికలో వచ్చిన బిక్స్‌లర్ ఇలాంటివి. చూడటానికి గ్లైడర్‌లా ఉంటాయి, యుద్ధ విమానాల అభిమానికి నచ్చకపోవచ్చు. అయినా ప్రొపెల్లర్, మోటారు ఇరుసు విరగకుండా పదిసార్లు నేలను గుద్దుకోగల విమానం ఇంకెక్కడ దొరుకుతుంది?

మూడు ఛానెళ్ల, అంటే రిమోట్‌తో విడివిడిగా నడిపే మూడు అదుపులున్న విమానంలో మోటారు వేగాన్ని మార్చే థ్రాటిల్, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్ ఉంటాయి. నాలుగో ఛానెల్ వచ్చిందంటే రెక్కల చివర, విమానాన్ని పక్కకు ఒరిగించే ఎయిలరాన్లు చేరినట్టు. మూడింటితో మొదలుపెట్టడంలో నామోషీ ఏమీ లేదు. అయితే రడ్డర్‌ను ట్రాన్స్‌మిటర్‌లోని కుడి కర్రకు, అంటే ఎయిలరాన్ ఉండవలసిన చోటికి కలుపుకోండి. ఆరు నెలల తర్వాత నాలుగు ఛానెళ్లకు మారినప్పుడు మీ కుడిచేయి మళ్లీ మొదటి పాఠం నేర్చుకోవలసిన అవసరం ఉండదు.

మీ డబ్బులో మూడో వంతు, అంటే ఐదు వేల దాకా, ట్రాన్స్‌మిటర్‌కు కేటాయించండి. విమానాలు వస్తుంటాయి, పోతుంటాయి. ట్రాన్స్‌మిటర్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆరు ఛానెళ్ల ఫ్లైస్కై ఐ6 వంటిది మన దేశంలో చాలామంది కొత్తవారి చేతుల్లో కనిపిస్తుంది, అది చాలు. థ్రాటిల్ ఎడమ కర్ర మీద ఉండే మోడ్ 2 రకాన్నే తీసుకోండి, ఎందుకంటే మైదానంలో మీకు సాయం చేయబోయే మనిషి వాడేది దాదాపు అదే. పెట్టెలోనే అన్నీ అమర్చి వచ్చే బొమ్మల కోవలోని విమానాలు చవకగా కనిపిస్తాయి గానీ, వాటి ట్రాన్స్‌మిటర్ ఆ విమానంతోపాటే మూలపడుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొనేంత డబ్బు లేదు. థర్మాకోల్‌తో నేనే విమానం తయారుచేసుకోవచ్చా, లేక అది వృథా ప్రయాసా? – ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: ఎంతమాత్రం వృథా కాదమ్మా. రేడియోతో నడిచిన తొలి నమూనా విమానాల్లో ఒకటి ‘గఫ్’. దాన్ని 1930ల చివర్లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు సొంతంగా తయారుచేశారు. అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. వారు రేడియోను కూడా సొంతంగా తయారుచేసుకోవలసి వచ్చింది. మీకు ఆ కష్టం లేదు.

ముందు మోటారు లేని చిన్న గ్లైడర్ చేసి చేత్తో విసరండి. దీనికి ఖర్చు దాదాపు ఉండదు, కానీ బరువు ఎక్కడ నిలవాలన్న ముఖ్యమైన పాఠం ఇదే నేర్పుతుంది. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకు, మూడో వంతుకు మధ్య ఒకచోట రెండు వైపులా వేలి కొసలు ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. ముక్కు బరువైతే గబగబా కిందికి దిగుతుంది, అప్పటికీ అదుపులో ఉంటుంది. తోక బరువైతే ముక్కు ఎత్తి, ఆగి, కూలి, మళ్లీ ఎత్తి, ఇలా కెరటంలా కదులుతుంది. మోటారు పెట్టిన పెద్ద విమానం ఆ కెరటంలో రెండోసారి లేవదు. గ్లైడర్ ముక్కుకు కొంచెం మైనం అంటిస్తూ, తీస్తూ ఒక సాయంత్రం గడపండి.

పెద్దదానికి దిగినప్పుడు, సైన్‌బోర్డులకు వాడే పీవీసీ రకం సన్‌బోర్డు తీసుకోకండి. అది గట్టిగా ఉంటుంది గానీ బరువు చాలా ఎక్కువ. డెప్రాన్ అనే తేలికైన ఫోమ్ షీటు గాని, రెండు వైపులా కాగితం అంటించిన తేలికపాటి ఫోమ్ బోర్డు గాని మంచిది. థర్మాకోల్ మీద ఫెవిక్విక్ వేయకూడదు, వేసినచోట కరిగి గుంట పడుతుంది. మామూలు స్ప్రే రంగులు కూడా అదే పని చేస్తాయి. గ్లూ గన్ జిగురు, తెల్ల జిగురు సురక్షితం. ఏ2212 అనే 1000 కేవీ (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, దానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), పది అంగుళాల ప్రొపెల్లర్, తొమ్మిది గ్రాముల సర్వోలు (ఎలివేటర్, రడ్డర్ వంటివాటిని కదిలించే చిన్న మోటార్లు) మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. మూడు సెల్‌ల బ్యాటరీతో ఆ మోటారు నిలకడగా సుమారు 800 గ్రాముల బలంతో లాగుతుంది. విమానం బరువు కూడా అంతకు మించనివ్వకపోతే సుఖంగా ఎగురుతుంది. బల్ల మీద మోటారును పరీక్షించేటప్పుడు మాత్రం ప్రొపెల్లర్ తప్పనిసరిగా తీసేయాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా మినహాయింపు ఇవ్వకండి, అది వేళ్లను నరికే యంత్రం.

డిగ్రీలో చేరాక మీ కళాశాలలో ఎన్‌సీసీ వైమానిక విభాగం ఉంటే అందులో పేరు ఇవ్వండి. అక్కడ ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం, వాయు సైనిక్ క్యాంపులో దానికి పోటీలు కూడా ఉంటాయి.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ నాకు ఒక విమానం తెస్తానంటున్నాడు. అక్కడ మంచి మంచి మోడళ్లు దొరుకుతాయట. తెప్పించుకోవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అన్నయ్యగారి ప్రేమ పెద్దదే గానీ, విమానం వద్దనండి. పూర్తిగా అమర్చిన డ్రోన్లను, విడదీసి కిట్‌గా తెచ్చేవాటిని దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు ఉంది. డ్రోన్ అంటే నాలుగు పంకాలున్నదే అనుకుంటాం గానీ, చట్టం దృష్టిలో లోపల పైలట్ లేకుండా నడిచే విమానాలన్నీ ఆ కోవలోకే వస్తాయి. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి ఈ తేడా వివరించే అవస్థ ఆయనకు ఎందుకు? విడిభాగాలకు ఆ నిషేధం లేదు కనుక మంచి సర్వోలు, నాణ్యమైన చార్జరు వంటివి తెమ్మనండి. ఈ విమానాలకు వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తెస్తే దాన్ని చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, కొసలకు టేపు చుట్టి చేతి సంచిలోనే పెట్టుకోవాలి. 2200 ఎంఏహెచ్ మూడు సెల్‌ల బ్యాటరీ దాదాపు 24 వాట్ అవర్లే, విమానయాన సంస్థలు సాధారణంగా అనుమతించే 100 కంటే చాలా తక్కువ.

ఈ ఉత్తరం చదివి అన్నయ్యగారికి కూడా సరదా పుడితే, ఆయన దారి వేరు. అమెరికాలో సరదాకు ఎగరవేసేవారు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష రాసి, విమానం 250 గ్రాములు దాటితే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర ఐదు డాలర్లు కట్టి మూడేళ్లకు నమోదు చేసుకోవాలి. 1936లో మొదలైన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్‌కు అనుబంధంగా అక్కడ చాలా క్లబ్బులున్నాయి. వాటిలో చేరితే పక్కన నిలబడి నేర్పే పెద్దలు దొరుకుతారు. మనకు లోటుగా ఉన్నది నిజానికి అదే, మోడళ్లు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి విమానం బ్యాటరీని రాత్రిపూట మంచం పక్కనే చార్జింగ్ పెట్టి పడుకుంటున్నాడు. ఫోన్ లాంటిదే కదా అంటాడు. భయపడాలా? – ఒక తల్లి, వరంగల్

జవాబు: భయపడాలమ్మా, ఈ రోజే మాన్పించండి. ఫోన్‌లో బ్యాటరీని కాపాడే సర్క్యూట్ ఉంటుంది, గట్టి తొడుగు ఉంటుంది. విమానాల లైపో బ్యాటరీకి ఈ రెండూ ఉండవు. పలుచటి రేకు సంచిలో ఉన్న ఆ సెల్‌లు దెబ్బతిన్నా, అవసరానికి మించి చార్జయినా నిప్పంటుకోవచ్చు, ఆ మంటను ఆర్పడం తేలిక కాదు. ఒక్కో సెల్‌ను విడివిడిగా కొలిచి సమం చేసే బ్యాలెన్స్ చార్జరునే వాడాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్ల విద్యుత్తు ఇస్తే గంటలో నిండుతుంది, కాబట్టి రాత్రంతా పెట్టవలసిన అవసరమే లేదు. మనిషి మెలకువగా, కంటి ముందు ఉన్నప్పుడే, గచ్చు మీద, పరుపులకూ కర్టెన్లకూ దూరంగా చార్జ్ చేయాలి. నేనైతే పాత మట్టి మూకుడులో పెట్టి చేస్తాను, పక్కన బకెట్‌లో ఇసుక ఉంచుతాను.

ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. ఎగరవేసేటప్పుడు 3.5 దగ్గరే దింపేయాలి. రెండు మూడు రోజులకు మించి వాడకపోతే 3.8 వద్ద దాచాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక చార్జ్ చేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. మే నెలలో మూసిన కారులో బ్యాటరీ వదలడం కూడా అంతే ప్రమాదం. అబ్బాయిని కోప్పడేటప్పుడు విమానాన్ని మాత్రం లాక్కోకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉంటాను. మా కాలనీ మైదానంలో ఎగరవేయవచ్చా? లైసెన్సు కావాలా? – ఒక పాఠకుడు

జవాబు: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములలోపు నానో విమానాలకు గాని, సొంత సరదాకు వాడే 2 కిలోలలోపు వాటికి గాని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ (మీరన్న లైసెన్సు) అక్కర్లేదు. ఎక్కడ ఎగరవేస్తున్నామన్నదే అసలు ప్రశ్న. డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్నచోట 400 అడుగుల ఎత్తు వరకు, విమానాశ్రయ సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. ఎరుపు రంగు చోట్ల కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్‌తోపాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి కనుక, బయలుదేరే ముందు మ్యాప్ చూడటం అలవాటు చేసుకోండి. నమోదు విషయంలో అమల్లో ఉన్న నిబంధనలు కూడా చదవండి.

చట్టం ఒప్పుకున్నా కాలనీ మైదానం వద్దు. గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి ఆ మైదానం నాలుగు సెకన్ల పని. చుట్టూ తీగలు, డాబాలు, ఆడుకునే పిల్లలు ఉంటారు. ఊరి బయట కోతలయిన పొలం గాని, వేసవిలో ఎండిన చెరువు గాని వెతకండి. యజమానిని అడిగి, హైటెన్షన్ తీగలు లేవని చూసి, తెల్లవారాక గాలి లేవకముందే మొదలుపెట్టండి. ఆకులు కదులుతూ కొమ్మలు కదలకుండా ఉంటే కొత్తవారికి ఆ గాలి సరిపోతుంది. సంక్రాంతి వారం మాత్రం విమానాన్ని ఇంట్లోనే ఉంచండి, మాంజా దారం రెక్కకు చుట్టుకుంటే ఏ పైలట్ ఏమీ చేయలేడు.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. వయసు 62. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ ఆడుతున్నాను. విమానం నా వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై పడేస్తున్నాను. ఈ వయసులో ఇది సాధ్యమేనా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, ఆ తికమక వయసుకు సంబంధించింది కాదు, ఇరవై ఏళ్ల వాళ్లూ అక్కడే పడేస్తారు. విమానం మీకు ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మీకు ఎడమ అవుతుంది కదా. కుడి, ఎడమ అని ఆలోచించడం మానేసి, ఏ రెక్క కిందికి వాలిందో చూసి, కర్రను ఆ వైపే జరపండి. వాలిన రెక్క కింద కర్రను ఊతంగా పెట్టి లేపుతున్నట్టు ఊహించుకుంటే చేయి తనంతట తాను సరైన వైపు వెళుతుంది. సిమ్యులేటర్‌లో రోజూ పదిహేను నిమిషాలు, వీలైతే మీ సొంత ట్రాన్స్‌మిటర్‌నే కేబుల్‌తో కలుపుకుని, దూరం పోకుండా ఎదురుగా రప్పించడమే సాధన చేయండి. విన్యాసాలు ఇప్పుడే వద్దు.

మైదానానికి వచ్చిన రోజున విమానాన్ని విసిరే ముందు మూడు సంగతులు సరిచూడండి. విమానం వెనక నిలబడి కర్రను కుడికి జరిపితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు ఆగాలి; ఇది చూసేటప్పుడు ప్రొపెల్లర్ తీసి ఉంచండి. బ్యాటరీ పట్టీ బిగువుగా ఉండాలి, ఎందుకంటే అది వెనక్కి జారితే తోక బరువవుతుంది. గాలికి ఎదురుగానే విసిరించండి. మొదటి రోజుల్లో మూడు చెట్ల ఎత్తుకు తగ్గకుండా, పెద్ద పెద్ద వలయాలు తిప్పండి. వేగం తగ్గినప్పుడు ఎత్తు నిలుపుకోవాలని ఎలివేటర్ వెనక్కి లాగే కోరిక కలుగుతుంది. ఆ కోరికే స్టాల్ తెస్తుంది, అంటే రెక్క గాలిలో పట్టు వదిలేస్తుంది, అప్పుడు కర్రను కొంచెం ముందుకు వదిలి వేగం తెచ్చుకోవాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీతో ఇలాంటి శిక్షణ విమానం పది, పన్నెండు నిమిషాలు ఎగురుతుంది. మీరు ట్రాన్స్‌మిటర్ టైమరును ఆరు నిమిషాలకు పెట్టుకోండి. అప్పుడు దింపబోయి కుదరకపోయినా మళ్లీ థ్రాటిల్ ఇచ్చి, మరో చుట్టు తిరిగి, ఇంకో మూడుసార్లు ప్రయత్నించడానికి బ్యాటరీ మిగిలి ఉంటుంది.